కాలదు సరే, కూలదా?

లింగమూర్తి వెంట ఎవరింటికైనా చుట్టరికానికి పోవాలంటే సంపత్‌కు చిన్నప్పటి నుంచీ చచ్చేంత సిగ్గు. అందరి తండ్రులూ గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, బాగోగులు అడుగుతారు. లింగమూర్తి కూడా అవన్నీ చేస్తాడు, కానీ తర్వాత. ముందు చేతికర్ర పైకెత్తి ఆ ఇంటి కప్పును నాలుగు చోట్ల కొడతాడు. తల ఒక పక్కకు వాల్చి, కళ్లు మూసుకొని, ఆ చప్పుడు వింటాడు. "గట్టి" అన్నాడంటే లోపలికొచ్చి కూర్చుంటాడు. "డొల్ల" అన్నాడంటే ఇక ఎవరు బతిమాలినా లాభం లేదు, ఆయన అన్నం అరుగు మీదికి రావాల్సిందే. ఫంక్షన్ హాళ్లలో కప్పు కర్రకు అందదు కాబట్టి ఆయనకు ఫంక్షన్ హాళ్లంటే పడదు. కన్న కూతురి పెళ్లిలో కూడా అక్షింతలు వేసి బయట షామియానా కింద కూర్చున్నాడు.

"ఆ కట్టెతోటి నా నెత్తి గూడ కొట్టి చూడరాదు? డొల్లనో గట్టో తెలుస్తది," అనేది ఆయన భార్య అనసూర్య.

"నీది చూసినంకనే చేసుకున్న," అనేవాడు లింగమూర్తి.

చూసేవాళ్లకు పిచ్చి అనిపించవచ్చు. పిచ్చి కాదు, డ్యూటీ. ముప్పై ఏళ్లకు పైగా గోదావరిఖని బొగ్గుబాయిలో ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు ఊరికే ఉండదు, కిందికి రావాలని చూస్తూనే ఉంటుంది. అది రాకుండా కింద లావుపాటి కర్ర నిలబెట్టి, పైన చదరపు చెక్క పెట్టి, సందులో చీల దూర్చి సుత్తితో బిగించడం ఆయన పని. ఆ కర్రను బాయిలో ప్రాపు అంటారు. అది ఇంగ్లీషు మాటే. తెలుగులో ప్రాపు అంటే అండ. ఇంగ్లీషు మాట ఇంకొకటి ఉందని లింగమూర్తికి తెలియదు. అండ కాబట్టే దాన్ని ప్రాపు అంటారని ఆయన బతుకంతా అనుకున్నాడు. ఎవరూ కాదనలేదు, కాదనాల్సిన అవసరమూ రాలేదు.

ప్రాపు ఎక్కడ పెట్టాలో చెవి చెబుతుంది. కర్రతో కొడితే మంచి కప్పు గంటలా పలుకుతుంది. లోపల పొర విడిపోయిన కప్పు బోలుగా, ఖాళీ గాబును తట్టినట్టు మోగుతుంది. ఒకసారి అలాంటి చప్పుడు విని లింగమూర్తి "ఉరుకుండ్రి!" అని కేకేశాడు. పనిలో ఉన్నవాళ్లంతా తట్టలూ, చెమ్మాసులనే బొగ్గు పారలూ అక్కడే పడేసి ఉరికారు. చివరివాడు మలుపు తిరిగీ తిరగకముందే వాళ్లు నిలబడ్డ చోట బండ కూలింది. ఆ చివరివాడి పేరు మొగిలి. ఇప్పుడు రిటైరై, బొజ్జ పెంచుకొని, మనవలను బడికి దింపుతున్నాడు. లింగమూర్తి ఎక్కడ కనబడినా, నడిబజారులోనైనా సరే, వంగి ఆయన చెవిని తాకి కళ్లకు అద్దుకుంటాడు. లింగమూర్తి "ఛీ, ఎందుకురా" అంటాడు గానీ తల మాత్రం కొంచెం అటు వంచుతాడు.

ఆ చెవే కొడుకు ఉద్యోగానికి అడ్డం పడింది. ఆ రోజుల్లో నడుము నొప్పి అనో, చూపు ఆనడం లేదనో కంపెనీ డాక్టర్లతో అన్‌ఫిట్ అనిపించుకొని, తమ చోట కొడుకులకు ఉద్యోగం ఇప్పించుకున్న తండ్రులు వాడకు పదిమంది ఉన్నారు. అనసూర్య కూడా మెల్లగా ఆ మాట ఎత్తింది.

"చెవి ఇంత మంచిగుంటె నేనెట్ల అన్‌ఫిట్ అయిత?" అన్నాడు లింగమూర్తి. ఆయనకు అది నిజంగానే అర్థం కాలేదు. ఆఖరి రోజు దాకా డ్యూటీ చేసి, దండ వేయించుకొని, క్వార్టరు ఖాళీ చేసి, ఊరి చివర కొత్తగా వెలిసిన కాలనీలో సొంత ఇల్లు కట్టుకున్నాడు. ముందు రెండు గదులకు స్లాబు, వెనక గదికి రేకులు.

సంపత్ మంచిర్యాల పోయి వేణుమాధవ్ అనే ఇంటీరియర్ దుకాణదారు దగ్గర ఫాల్స్ సీలింగు పని నేర్చుకున్నాడు. దేవుడికి ఎకసెక్కాలంటే ఎంత ఇష్టమో చూడండి. కప్పును నిలబెట్టడమే బతుకైనవాడి కొడుకు కప్పు కింద ఇంకో దొంగకప్పు వేలాడదీసే పనిలో కుదిరాడు. అసలు కప్పు నుంచి ఇనుప రేకు పట్టీలు దించి, చట్రం కట్టి, దానికి బోర్డులు స్క్రూలతో బిగించి, సందులకు టేపు వేసి, పుట్టీ రుద్ది, పైన రంగు వేస్తాడు. చేయి తిరిగిన పనివాడు. అతను వేసిన సీలింగులో బోర్డుకూ బోర్డుకూ మధ్య సందు ఎక్కడుందో లైటు వేసి వెతికినా దొరకదు. కానీ అవన్నీ డొల్లే. అసలు కప్పుకూ దానికీ మధ్య ఖాళీ ఉండాలి, వైర్లు పోవాలి, వేడి ఆగాలి. డొల్లగా ఉండటమే వాటి పని.

మొదటిసారి సొంతంగా ఒప్పుకున్న పని ఒక బట్టల దుకాణం. సంతోషం పట్టలేక తండ్రిని తీసుకుపోయి చూపించాడు. లింగమూర్తి కర్ర ఎత్తాడు. ఒకసారి కొట్టాడు, రెండోసారి కొట్టాల్సిన అవసరం లేకపోయింది.

"డొల్ల," అని దుకాణదారు ముందే అనేసి బయటికి నడిచాడు.

దుకాణదారు నవ్వాడు. సంపత్ కూడా నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఆ తర్వాత ఎన్నో దుకాణాలు, బ్యాంకులు, జ్యోతినగర్‌లో ఎందరో ఇంజనీర్ల ఇళ్లు చేశాడు గానీ తండ్రిని మాత్రం ఎక్కడికీ తీసుకుపోలేదు. అందరూ శభాష్ అన్నారు. అనాల్సినవాడు అనలేదు. పెళ్లయి, నెత్తిన వెంట్రుకలు పలచబడిన తర్వాత కూడా, తన పని చూసి బాపు ఒక్కసారి "గట్టి" అంటే వినాలని సంపత్‌కు లోపల ఉండేది. అది భార్య రమకు కూడా చెప్పుకోలేదు, ఎందుకంటే చెప్పుకుంటే నవ్వులాట అయ్యే కోరిక అది.

అనసూర్యకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది, అర్థం చేసుకోవడం లింగమూర్తికి ఒక్కడికే చేతనయ్యేది. బాత్‌రూమ్ దగ్గరగా ఉంటుందని మంచం వెనక గదిలో వేశారు. వెనక గదంటే రేకుల గది. రామగుండం ఎండల్లో రేకుల కింద మనిషి ఉడికిపోతాడు. పైన ఫ్యాను తిరిగితే వేడిని కిందికి తోడి పోసినట్టే ఉంటుంది. అందరిలాగే వాళ్లూ రేకుల కింద థర్మాకోల్ అట్టలు వేయించారు. అవి వేయించిన మరుసటి ఏడాదే పక్కింటి సారక్క ఇంట్లో వైరు కాలి థర్మాకోల్‌కు నిప్పంటుకుంది. అది కాలడం సంపత్ కళ్లారా చూశాడు. కరిగి, మండుతూ, చుక్కలు చుక్కలుగా మంచం మీద కారింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పరుపూ బట్టలూ పోవడంతో సరిపోయింది.

సంపత్‌కు మాత్రం ఆ మంచం మీద తన అవ్వ, కన్న తల్లి, కనబడింది. పక్కకు తిరగాలన్నా ఇంకొకరి చేయి కావాల్సిన మనిషి. ఆ వారమే ఇంట్లో థర్మాకోల్ అంతా పీకి పారేశాడు.

అప్పుడే మంచిర్యాలలో ఒక నర్సింగ్ హోమ్‌కు ఫైరుబోర్డు పని నడుస్తోంది. సున్నం, ఇసుక కలిపి, ఆవిరిలో ఉడికించి అట్టకట్టిన బోర్డులవి. సీలింగుకు వాడే జిప్సం బోర్డుల కన్నా బరువు, మామూలు అట్టలా మంటకు అంటుకోవు. రవాణాలో మూలలు విరిగినవి కొన్ని మిగిలితే, అడగ్గానే వేణుమాధవ్ తీసుకుపొమ్మన్నాడు. సంపత్ వాటి విరిగిన అంచులు కోసేసి, కొలిచి, ఏ షావుకారు ఇంట్లోనూ పెట్టనంత శ్రద్ధ పెట్టి అవ్వ గదికి కప్పు కట్టాడు. రేకులను మోసే ఇనుప పైపుల నుంచి చట్రం దించాడు. స్క్రూకూ స్క్రూకూ మధ్య జానెడు ఉండాల్సిన చోట బెత్తెడే వదిలాడు. అనసూర్య మంచం మీద పడుకొని కొడుకు పని చూస్తూ సగం నోటితో నవ్వింది.

పని అయ్యాక మిగిలిన ముక్క ఒకటి పట్టుకొని తండ్రి దగ్గరికి పోయాడు. గ్యాసు టార్చి వెలిగించి ముక్క కింద మంట పెట్టాడు. పైన తన అరచేయి ఆనించాడు.

"సూడు బాపు. కింద మంట, మీద నా చెయ్యి. అంటుకుంటున్నదా? ఇది కాలదు. ఇల్లంత అంటుకున్నా మనం వచ్చి ఎత్తుకపోయేదాక అవ్వకు ఏం గాదు."

లింగమూర్తి మంటను చూశాడు, కొడుకు చేతిని చూశాడు. లేచి వెనక గదిలోకి పోయి కర్ర ఎత్తాడు. ఈసారి చాలా చోట్ల కొట్టాడు. కొడుకు మొహం చూసి, ఎక్కడన్నా ఒక్కచోటైనా మంచి చప్పుడు వస్తే బాగుండునని ఆయన కూడా అనుకున్నాడేమో. రాలేదు.

"కాలదు, సరే," అన్నాడు. "కూలదా?"

"కూలదు బాపు. నా చేతులతోటి కట్టిన."

"డొల్ల గదరా."

"డొల్లగనే ఉంటది. దాని పనే అది!"

లింగమూర్తి కర్ర దించి బయటికి నడిచాడు. వారం తిరక్కుండానే ఎక్కడి నుంచో లావుపాటి నీలగిరి కర్ర ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. సంపత్ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది అవ్వ మంచం పక్కన నిలబడి ఉంది. పైన చెక్క కూడా పెట్టాడు. చీల కోసం వెతుకుతున్నాడు.

"ఇదేంది బాపు?"

"ప్రాపు."

"ఎందుకు?"

"నిప్పంటుకుంటె ఉరకలేదని నువ్వన్నవు. కప్పు కూలితె మాత్రం ఉరుకుతదా మీ అవ్వ?"

సంపత్‌కు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరిదీ ఒకటే భయం. అతను నిప్పు గురించి భయపడ్డాడు, ఆయన బండ గురించి. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"బాపు, బాయిల కప్పు మీది నుంచి ఒత్తుతది. అందుకే కింద ప్రాపు బిగిస్తరు. ఇది ఒత్తేది కాదు, మీదికెల్లి ఏలాడేది. దీన్ని కింది నుంచి పొడిస్తే పలుగుతది. నువ్వు ఎంత బిగిస్తె అంత ఖరాబైతది. సమజైందా?"

"ఏలాడేదాన్ని కప్పంటార్రా? గబ్బిలమంటరు."

అనసూర్య మంచం మీది నుంచి ముద్దముద్దగా ఏదో అంది. లింగమూర్తి మొహం కొంచెం మెత్తబడింది. "పోనీ, పోరని పనిని ఆగం చెయ్యకు అంటున్నది," అని కొడుక్కు చెప్పి, కర్రను ఆయనే పడగొట్టాడు.

రమ ఆ కర్రను పొయ్యిలోకి కొట్టించమంది. సంపత్ సరేనన్నాడు. గొడ్డలి తీసుకున్నాడు కూడా, కానీ దాని బెరడు ఎంత నున్నగా చెక్కి ఉందో చూసి మనసు రాలేదు. చేతులు వణికే వయసులో అంత పని ఆయన ఎప్పుడు చేశాడో! బాత్‌రూమ్ వెనక గోడకు ఆనించి పెట్టాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ గొడ్డలిని కింద పెట్టిన క్షణం దగ్గరే సంపత్ ఆగిపోతాడు.

ఆ రోజు మధ్యాహ్నం సంపత్ మంచిర్యాలలో పనిలో ఉన్నాడు. రమ మహిళా సంఘం మీటింగుకు పోయింది. ఇంట్లో ముసలివాళ్లిద్దరే ఉన్నారు. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే బ్లాస్టింగు అయింది. అది రోజూ ఉండేదే, కిటికీలు గలగలమంటాయి, గిన్నెలు కదులుతాయి, జనం మాట ఆపి మళ్లీ మొదలుపెడతారు. ఆ అదురుకు రెండు బోర్డుల మధ్య పుట్టీ కొంచెం చిట్లి, చిటికెడు తెల్లటి పొడి అనసూర్య దిండు మీద రాలింది. అందులో ఏమీ లేదు. మళ్లీ చేత్తో రుద్దితే పోయే పగులు. కానీ బాయిలో పనిచేసినవాళ్లను అడగండి, కప్పు నుంచి మట్టి రాలితే దాని అర్థమేమిటో. బండ కూలేముందు ముందుగా మట్టి రాలుతుంది. అది చూసి కూడా నిలబడ్డవాడు మనిషి కాదు.

లింగమూర్తి నిలబడలేదు. భార్యను ఎత్తుకొని బయటికి తీసుకుపోవడం ఆయన వల్ల కాలేదు. రెండుసార్లు ప్రయత్నించానని తర్వాత ఆయనే చెప్పాడు. అప్పుడు బాత్‌రూమ్ వెనకకు పోయి కర్ర తెచ్చాడు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న సారక్కకు సుత్తి చప్పుడు వినబడింది. ముసలాయన మేకు కొడుతున్నాడనుకుంది. చాలాసేపు కొట్టాడు. తర్వాత ఏదో పెళ్లుమని విరిగింది. ఆ వెంటనే ఇల్లు ఊడి పడ్డట్టు పెద్ద చప్పుడు, దాని వెనక లింగమూర్తి కేక. "ఉరుకుండ్రి!" అని అరిచాడట. ఉరకడానికి ఆ గదిలో ఎవరున్నారు?

సంపత్ వచ్చేసరికి అవ్వను దవాఖానకు తీసుకుపోయారు. ఇనుప పట్టీ అంచు తలకు తగిలింది. రెండో రోజు పొద్దున పోయింది. ఆలోపు ఒక్కసారి కళ్లు తెరిచి ముద్దగా ఏదో అన్నది గానీ, అర్థం చేసుకోగలిగిన ఒక్క మనిషి ఆ సమయానికి బయట వరండాలో కూర్చొని ఉన్నాడు. కప్పు ఎత్తుగా ఉందని లోపలికి రాలేదు.

అవ్వను గోదావరి ఒడ్డుకు తీసుకుపోవడానికి ముందు, ఇంట్లో అంతా ఏడుస్తుండగా, సంపత్ వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గదంతా తెల్లటి పొడి. కర్ర మంచానికి అడ్డంగా పడి ఉంది. సుత్తి మంచం కింద ఉంది. కూలిన బోర్డును తిప్పి చూశాడు. కింది వైపు, సరిగ్గా బాపు పెట్టే చెక్క అంత, చదరంగా నొక్కుకుపోయిన గుర్తు ఉంది. దాని చుట్టూ పగుళ్లు. పగుళ్ల అంచులన్నీ పైకి లేచి ఉన్నాయి. దానంతట అది కూలే బోర్డు పైకి పగలదు. ప్రాపు బిగించినకొద్దీ బోర్డు పగిలి చట్రం పైకి లేచింది, ప్రాపు జారింది, పైకి లేచిన వైపు చట్రం ఒక్క కుదుపుతో పట్టుతప్పి కిందికొచ్చింది. పైపులకు తాను బిగించిన మిగతా స్క్రూలన్నీ చూశాడు. తండ్రి కర్ర తగలని వైపు ఒక్కటి కూడా కదల్లేదు.

తలుపు సందులో నుంచి రమ కూడా చూసింది. ఆమెకూ అర్థమైంది.

సంపత్ సుత్తి తీసుకొని ఆ గుర్తున్న చోటు పిండి చేశాడు. ముక్కలన్నీ సిమెంటు సంచుల్లో నింపి, కర్మ కాండలు అయ్యేలోపే ఊరి బయట గుంతలో పారబోసి వచ్చాడు. సారక్కతో "సుత్తి చప్పుడు సంగతి ఎవలకు చెప్పకు అక్కా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపింది.

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ లింగమూర్తి మొదటి నుంచి చెప్పాడు. "నేను చెప్పిన. డొల్ల అన్న. కొట్టంగనే చెప్పిన. వాడు ఇనలె." ఏడుస్తూ చెప్పేవాడు. వచ్చినవాళ్లు ఆయన చేయి పట్టుకొని విని, లేచి పోతూ పోతూ సంపత్ వైపు ఒక చూపు చూసేవాళ్లు. మొగిలి అయితే చూపుతో ఆగలేదు.

"మీ బాపు ఉరుకుమంటె మేం ఉరికినం బిడ్డా. ఎందుకని అడగలె. అందుకే ఇయ్యాల నీ ముంగట నిలబడ్డ," అన్నాడు. "నువ్వు ఇంట్ల ఉండి ఇనకపోతివి."

సంపత్ తల వంచుకున్నాడు. రమ లోపలికి పోయి గిన్నెలు విసిరేసినంత పని చేసింది. ఆ సాయంత్రం నిలదీసింది.

"నీ నోట్ల నాలుక లేదా? మంది అంత నువ్వే చంపినట్టు చూస్తున్నరు. ఉన్నది ఉన్నట్టు చెప్పరాదు?"

"చెప్తె?"

"చెప్తె నీ పని నిలవడుతది. నీ పేరు నిలవడుతది."

"ఆయన?" అన్నాడు సంపత్. "అవ్వయితె పోనే పోయింది. ఇగ ఆయనకు మిగిలింది ఆ చెవే. అది కూడ నేనే తీసెయ్యాల్నా రమా?"

రమ మళ్లీ అడగలేదు. కానీ ఆమె భయపడ్డట్టే అయింది. మాట్లాడుకున్న పనులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకాయన ఇంట్లో సీలింగు ఇప్పుడే వద్దనుకుంటున్నామన్నాడు, నెల తిరక్కుండా ఆ ఇంట్లో వేరే మేస్త్రి చట్రం కడుతూ కనబడ్డాడు. వేణుమాధవ్ మంచివాడు, మొహం మీద అనలేదు. కొన్నాళ్లు రెస్టు తీసుకో అన్నాడు. సొంత తల్లి మీద కప్పు కూల్చినవాణ్ని ఎవరు మాత్రం నెత్తి మీదికి ఎక్కించుకుంటారు?

కొన్ని వారాలకు వచ్చేవాళ్లు తగ్గారు. చెప్పడానికి మనుషులు లేక లింగమూర్తి మాట కూడా ఆగిపోయింది. ఆయన అన్నం తినడం తగ్గించాడు. చేతికర్ర ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చునేవాడు, దేన్నీ కొట్టేవాడు కాదు. చుట్టాలింటికి పోతే చెప్పులు విడిచి, నేరుగా లోపలికి పోయి కూర్చున్నాడని తెలిసి సంపత్‌కు భయం పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే, రమ పాలకు పోయినప్పుడు, లింగమూర్తి పిలిచాడు.

"సంపతూ, ఇటు రారా. కూసో."

కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నాకు యాది సరిగ వస్తలేదు. మట్టి రాలింది, అది యాదికున్నది. ప్రాపు తెచ్చిన. బిగించిన. పెళ్లుమన్నది." ఆయన కర్రను దగ్గరికి లాక్కున్నాడు. "పలిగినంక నేను బిగించిన్నా? నేను బిగిస్తాంటె పలిగిందా?"

ఇన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ అదే పనిగా ఎందుకు చెప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. వాళ్లను నమ్మించడానికి కాదు. తండ్రి రెండు చేతులూ కర్రను బిగబట్టి ఉన్నాయి. ఆ చేతుల్ని చూశాడు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. అది చెబితే తన పేరు, తన పని, తన ఇరవై ఏళ్ల నేర్పు తిరిగొస్తాయి. చెప్పడానికి ఒక్క మాట చాలు.

"పలిగినంకనే బిగించినవ్ బాపు," అన్నాడు. "నేను వచ్చినంక చూసిన గద. స్క్రూలు ఊడినయ్. నేను సరిగ కట్టలె. డొల్లనే ఉండె. నీ చెవి ఎన్నడు తప్పింది?"

లింగమూర్తి తల ఒక పక్కకు వాల్చాడు. కప్పు చప్పుడు వినేటప్పుడు వాల్చినట్టే.

"గట్టిగ చెప్తున్నవా?"

"గట్టిగ చెప్తున్న."

ముసలాయన ఊపిరి వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కొడుకు భుజం మీద చేయి వేసి, ఏ కోపమూ లేకుండా, ఎంతో ప్రేమగా అన్నాడు.

"అయితె ఇగ ఎవల నెత్తి మీద కప్పు కట్టకు బిడ్డా. మీ అవ్వ మీద ఒట్టు. నీకు రాదు ఆ పని. రానిది చేస్తె మంది సస్తరు."

సంపత్ తండ్రి చేతిలోని కర్రను తీసి గోడకు ఆనించాడు.

"కట్టను బాపు," అన్నాడు.

ఆ రోజు లింగమూర్తి కడుపునిండా తిన్నాడు. సంపత్ స్క్రూ మిషన్‌ను పాత లుంగీలో చుట్టి బీరువా మీద పెట్టాడు. నెల తర్వాత అది ఎవరికో ఇచ్చేశాడు. రమ రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆమే పక్క వాడలో ఒక టైల్స్ మేస్త్రిని అడిగి వచ్చింది. నడిఈడులో సంపత్ మళ్లీ కూలీగా చేరి, సిమెంటు మోసి, ఇసుక జల్లించి, టైల్స్ పరచడం నేర్చుకున్నాడు. ఇన్నేళ్లు తల పైకెత్తి పనిచేసినవాడు కాబట్టి మోకాళ్ల మీద వంగి చేసే పనికి నడుము తిరగబడింది. అయినా నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంతంగా పనులు ఒప్పుకుంటున్నాడు. నేల కూలుతుందని ఎవరూ భయపడరు.

మొన్న మొగిలి కొత్త ఇంటికి టైల్స్ పరుస్తుంటే లింగమూర్తి అక్కడికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఆయనే నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. కప్పు వైపు చూడలేదు. వంగి, చేతికర్రతో నేలను తట్టాడు. అవ్వ పోయిన తర్వాత ఆయన కర్ర చప్పుడు చేయడం అదే మొదలు. ఒక టైలు తట్టాడు, జరిగి ఇంకొకటి తట్టాడు. గదంతా తిరిగి మూలమూలా తట్టాడు. కింద సిమెంటు నిండని టైలు కూడా డొల్లగానే మోగుతుంది, ఆ సంగతి టైల్స్ పనివాళ్లందరికీ తెలుసు. ఒక్కటీ మోగలేదు. ఆయన నడుము పట్టుకొని లేచి, కళ్లు మూసుకొని, తల వాల్చి నిలబడ్డాడు.

"గట్టి," అన్నాడు. "గట్టిగున్నదిరా సంపతూ."

సంపత్ మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో సిమెంటు తాపీ ఉంది. ఆ మాట కోసం ఎన్నేళ్లు చూశాడో అతనికే తెలుసు. తల ఎత్తితే తండ్రికి మొహం కనబడుతుందని ఎత్తలేదు. తాపీని నేల మీద అటూ ఇటూ రుద్దాడు.

"గట్టిగనే ఉంటది బాపు," అన్నాడు. "కింద భూమి ఉన్నది గద."